మాయమైన డ్వెమర్ల మీద నిలబడే ఫ్యాన్ థియరీ కట్టడం ఎలా? మొదటి నోట్సు నుంచి చివరి పరీక్ష దాకా

"డ్వెమర్లు ఏమైపోయారు, మీ థియరీ ఏంటి?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ మధ్య ఇంకో ప్రశ్న ఎక్కువగా వస్తోంది: "నేనూ ఒక థియరీ రాశాను, ఎవరో రెండు ప్రశ్నలు అడిగేసరికి కూలిపోయింది. కూలకుండా కట్టడం ఎలా?" ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు జవాబు.

నమూనాగా ది ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేమ్ వరసలోని డ్వెమర్లనే తీసుకున్నాను. వాళ్ల గురించి ఆటలోనే ఒకదానితో ఒకటి పొసగని సాక్ష్యాలున్నాయి. అవి 2002లో వచ్చిన మారోవిండ్ నుంచి 2011లో వచ్చిన స్కైరిమ్ దాకా పరుచుకుని ఉన్నాయి. సాధన చేయడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు. పద్ధతి చేతికొస్తే, ఏ కల్పిత లోకంలో కూలిన రాజ్యానికైనా వాడుకోవచ్చు.

రెండు ఆటల రహస్యాలూ ఇందులో బయటపడతాయి. ఆడుతున్నవాళ్లు పూర్తి చేశాక చదవండి.

కొత్తవాళ్ల కోసం అసలు విషయం ఇదీ. డ్వెమర్లు భూగర్భంలో యంత్రనగరాలు కట్టుకున్న ఎల్ఫ్ జాతి. మొదటి యుగం 700వ సంవత్సరంలో, రెడ్ మౌంటెన్ అనే కొండ దగ్గర చైమర్లనే మరో ఎల్ఫ్ జాతితో యుద్ధం జరుగుతుండగా, జాతి మొత్తం ఒక్క క్షణంలో మాయమైంది. వాళ్ల ప్రధాన శిల్పి కాగ్రెనాక్ ఆ కొండ కింద దొరికిన లోర్ఖాన్ అనే దేవుడి హృదయం మీద తన పనిముట్లతో ఏదో ప్రయోగం చేస్తున్నాడన్నది దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. ఆ తర్వాత ఏం జరిగిందన్న దగ్గరే గొడవంతా.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

☐ ఒక స్ప్రెడ్‌షీట్. అందులో ఆరు గడులు: ఆధారం, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకు ఇందులో స్వార్థం ఏమిటి, ఏ స్థాయి ఆధారం.
☐ స్క్రీన్‌షాట్లకు విడిగా ఒక ఫోల్డర్. ప్రతి ఫైలు పేరులో స్థలం పేరు ఉండాలి. "స్క్రీన్‌షాట్ 47" అన్న పేరుతో దాచుకున్నది నెల తర్వాత మీకే ఎందుకూ పనికిరాదు.
☐ ఆటలోని పుస్తకాల పూర్తి పాఠాలు. వికీలోని సారాంశాలు కాదు.
☐ కనీసం రెండు వారాల ఓపిక.

ఆ రెండు వారాల్లో మొదటి వారం చదవడం, రాసుకోవడం మాత్రమే చేయండి. థియరీ జోలికి పోవద్దు. ఊహ ముందు పుడితే, కళ్లు దానికి సరిపడేవాటినే ఏరుకుంటాయి. మిగతావి ఎదురుగా ఉన్నా కనపడవు.

వికీ చదవొద్దని నేననను. ఏ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ వికీ వ్యాసం నాలుగు నోళ్ల మాటల్ని ఒకే గొంతుతో చెప్పేస్తుంది. "డ్వెమర్లు మాయమయ్యారు" అన్న వాక్యం వెనక ఎవరున్నారో అందులో చెరిగిపోతుంది. మనకు కావాల్సింది ఆ మనిషే.

2. ప్రశ్నను ముక్కలు చేయండి

"డ్వెమర్లు ఏమయ్యారు?" అన్నది ఒక ప్రశ్న కాదు, మూడు.

- కారణం: ఎవరి చేత, దేని వల్ల జరిగింది?
- పరిధి: ఎవరెవరికి తగిలింది, ఎవరికి తగల్లేదు?
- గతి: పోయినవాళ్లు చచ్చిపోయారా, వేరే చోటికి వెళ్లారా, ఇంకేదైనా అయ్యారా?

చాలామంది తిన్నగా మూడో దానికి దూకుతారు, ఎందుకంటే అది ఊరిస్తుంది. నా సలహా మాత్రం రెండో దానితో మొదలుపెట్టమని. కారణానికీ గతికీ సాక్షులు చెప్పే మాటలే దిక్కు. పరిధి అలా కాదు, ఎవరు మిగిలారో లెక్కపెట్టి చూడొచ్చు.

3. ప్రతి ఆధారానికీ ఒక స్థాయి ఇవ్వండి

ఈ అలవాటు మనకు కొత్తేమీ కాదు. మన ఊళ్ల చరిత్ర రాసేవాళ్లు రాతి శాసనానికీ, మెకంజీ కాలంలో గ్రామ కరణాలు చెప్పగా రాసుకున్న కైఫీయత్తుకూ ఒకే బరువు ఇవ్వరు. శాసనం ఆ కాలంలోనే చెక్కింది. కైఫీయత్తు ఎన్నో తరాల తర్వాత ఊరు గుర్తుపెట్టుకున్నది. అలాగని కైఫీయత్తును పారేయరు. శాసనం లేనిచోట అదే దారి చూపిస్తుంది, కాకపోతే ఇది కైఫీయత్తు అని చెప్పి మరీ వాడతారు. ఆటలోనూ అదే మర్యాద పాటించండి.

నేను వాడే స్థాయిలు ఇవి:

ఒకటో స్థాయి: మీ కళ్లముందు ఆటలో జరిగేది. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.
రెండో స్థాయి: ఆ కాలంలో బతికి ఉన్న పాత్ర స్వయంగా చెప్పేది.
మూడో స్థాయి: తర్వాతి పండితులు ఆటలోని పుస్తకాల్లో రాసినది.
నాలుగో స్థాయి: ఆట రచయితలు ఆట బయట రాసినది. మారోవిండ్‌కు పనిచేసిన మైఖేల్ కర్క్‌బ్రైడ్ తర్వాత బయట రాసిన పాఠాలు ఇక్కడికి వస్తాయి.
ఐదో స్థాయి: తోటి అభిమానుల ఊహలు. ఎంత అందంగా ఉన్నా సరే.

నాలుగో స్థాయి దగ్గర చాలా గొడవలు జరుగుతాయి. అవి వాడొద్దని ఒకరు, అవే అసలు సత్యమని ఇంకొకరు. వాడండి, కానీ థియరీ బరువు మొత్తం వాటి మీద వేయకండి. వాటిని తీసేసినా మీ థియరీ కుంటుకుంటూనైనా నడవాలి.

4. ఒకే సంఘటనకు ఉన్న కథనాలను పక్కపక్కన పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి.

రెడ్ మౌంటెన్ లోపల ఏం జరిగిందో చెప్పే ముఖ్యమైన కథనాలు మారోవిండ్‌లో రెండున్నాయి. ఒకటి ఆష్‌ల్యాండర్లనే సంచార తెగలవాళ్లు తరతరాలుగా చెప్పుకున్నది. రెండోది ఆ యుద్ధంలో ఉండి, తర్వాత దేవుడై కూర్చున్న వివెక్ చెప్పేది. వాటిని వరసలవారీగా ఎదురెదురుగా రాయండి.

మాయం చేసింది ఎవరు? ఆష్‌ల్యాండర్ల కథలో అజురా దేవత దారి చూపిస్తుంది, చైమర్ల నాయకుడు నెరెవార్ ఆ పనిముట్లతో హృదయపు శక్తిని డ్వెమర్ల నుంచి విడదీస్తాడు. వివెక్ కథలో కాగ్రెనాకే పనిముట్లను హృదయం మీద ప్రయోగిస్తాడు.

చూసినవాళ్లకు ఏం కనిపించింది? మొదటి దాంట్లో యుద్ధభూమిలో డ్వెమర్లు దుమ్మై రాలిపోయారు. రెండో దాంట్లో జాడ లేకుండా మాయమయ్యారు.

నెరెవార్ ఎలా చనిపోయాడు? మొదటి దాంట్లో సొంతవాళ్లే, అంటే తర్వాత దేవుళ్లైన ముగ్గురు (వివెక్ వాళ్లలో ఒకడు, వాళ్లనే ట్రిబ్యునల్ అంటారు), చంపారు. రెండో దాంట్లో గాయాలతో పోయాడు.

ఇప్పుడు స్వార్థం గడి నింపండి. వివెక్‌కు హంతకుడనే నింద తప్పించుకోవాలన్న అవసరం ఉంది. ఆష్‌ల్యాండర్లకు ట్రిబ్యునల్‌ను దొంగదేవుళ్లుగా నిలబెట్టాల్సిన అవసరం ఉంది. ఇద్దరూ శుద్ధపూసలు కారు.

అలాంటప్పుడు ఏం నమ్మాలి? రెండు సూత్రాలు పెట్టుకోండి. శత్రువులిద్దరూ ఒప్పుకున్నది గట్టిది: పనిముట్లు, హృదయం, ఒకేసారి జాతి మొత్తం. ఇక సాక్షికి లాభం లేని చోట చెప్పిన మాటకు, లాభం ఉన్న చోట చెప్పిన మాటకంటే ఎక్కువ బరువుంటుంది. నెరెవార్ చావు గురించి వివెక్ మాటను అనుమానించండి. కానీ డ్వెమర్లు ఎటుపోయారో తనకు తెలియదనీ, మర్త్యకాలానికి బయట కూడా వాళ్ల అలికిడి తగలడం లేదనీ అదే వివెక్ అంటాడు. దేవుడినని చెప్పుకునేవాడు తెలియదని ఒప్పుకోవడంలో లాభం ఏముంది? ఆ మాటను రెండో స్థాయిలోనే పైవరసలో పెట్టుకున్నాను.

5. పటం, కాలం ఒకే కాగితం మీద గీయండి

చాలా థియరీలు ఇక్కడే బోల్తా పడతాయి. నాదీ అలాగే పడింది. రెడ్ మౌంటెన్ చుట్టుపక్కల పేలుడులాంటిదేదో జరిగి, దాని వ్యాసార్థంలో ఉన్నవాళ్లంతా పోయారని పదిహేను పేజీలు రాశాను. ఒక స్నేహితుడు చదివి ఒకే మాట అడిగాడు: "మరి రౌర్కెన్ వంశం సంగతేంటి?"

రౌర్కెన్లు డ్వెమర్లలో ఒక వంశం. చైమర్లతో పొత్తు నచ్చక, రెడ్ మౌంటెన్ యుద్ధానికి చాలా ముందే మారోవిండ్ అనే ఆ ప్రాంతాన్ని (ఆటకు పేరు దాన్నుంచే) వదిలిపెట్టారు. వాళ్ల నాయకుడు వోలెండ్రంగ్ అనే సుత్తిని విసిరాడనీ, అది పడిన చోట నగరం కట్టారనీ కథ. ఆ ప్రాంతానికి హ్యామర్‌ఫెల్ అన్న పేరు అలా వచ్చిందే. ఖండానికి ఆ కొసన ఉన్న వాళ్లు కూడా అదే సమయంలో మాయమయ్యారు. యుద్ధంతో సంబంధం లేదు, కాగ్రెనాక్ ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్లూ కారు, అయినా పోయారు. నా పదిహేను పేజీలు పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

అందుకే పటం మీద మీకు నచ్చిన ఊళ్లు మాత్రమే కాదు, అన్ని స్థావరాలూ గుర్తుపెట్టండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఎప్పటి నుంచి ఉంది, ఎప్పుడు ఖాళీ అయింది, ఆ సంగతి ఎవరు చెప్పారు.

ఇంకో లాభం కూడా ఉంది. "డ్వెమర్ సామ్రాజ్యం" అన్న మాట అలవాటుగా వాడేస్తాం. పటం గీస్తే అది ఒక సామ్రాజ్యం కాదని తేలిపోతుంది. వంశాలు, విడివిడి నగరాలు, వాటి మధ్య పొత్తులు, తగాదాలు. స్కైరిమ్‌లోని డ్వెమర్ నగరాలు ఈథీరియం అనే అరుదైన ఖనిజం కోసం తమలో తామే యుద్ధాలు చేసుకున్నాయని ఆటలోని పుస్తకమే చెబుతుంది. ఒక చక్రవర్తి, ఒక రాజధాని, ఒక నిర్ణయం అని మొదలుపెడితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. జాతి వేరు, రాజ్యం వేరు. మాయమైంది జాతి.

6. కదలని మేకు ఒకటి వెతకండి

ప్రతి మంచి థియరీకి ఒక మేకు ఉంటుంది. మిగతా ఆధారాలన్నీ దానికి తగిలించాలి. అది ఒకటో లేదా రెండో స్థాయిది అయి ఉండాలి, అసాధారణంగానూ ఉండాలి.

ఇక్కడ ఆ మేకు యాగ్రమ్ బాగార్న్. టెల్ ఫీర్ గోపురం అడుగున, కోర్ప్రస్ అనే వికృత వ్యాధి సోకినవాళ్లను ఉంచే గుహలో ఉంటాడు. ఒళ్లు బెలూన్‌లా ఉబ్బిపోయి, కాళ్లు పనిచేయక, సాలీడు కాళ్లున్న యంత్రం మీద కూర్చుని కదులుతాడు. మారోవిండ్‌లో మనం మాట్లాడగలిగే బతికున్న డ్వెమర్ అతనొక్కడే. ఒకప్పుడు కాగ్రెనాక్ కింద పనిచేసినవాడు. జాతి మాయమైనప్పుడు తను ఒక బాహ్యలోకంలో ఉన్నాననీ, తిరిగొచ్చేసరికి తనవాళ్లెవరూ లేరనీ చెబుతాడు. టామ్రియెల్ ఖండమంతా వెతికాడు. దొరికింది ఖాళీ నగరాలే.

ఇప్పుడు రౌర్కెన్లనూ యాగ్రమ్‌నూ పక్కపక్కన పెట్టండి. ఒకరు యుద్ధానికి ఎంతో దూరంలో ఉన్నారు, అయినా పోయారు. ఇంకొకడు కాగ్రెనాక్ మనిషే, అయినా మిగిలాడు. దూరం లెక్కలోకి రాలేదు, విధేయత లెక్కలోకి రాలేదు. లెక్కలోకి వచ్చింది ఒక్కటే: ఆ క్షణంలో ఈ మర్త్యలోకంలో ఉన్నాడా, లేడా.

నాకు ఈ ఆటలో ఇంతకంటే ఇష్టమైన జాగా లేదు. ఎక్కడా ఎవరూ నోటితో చెప్పని సంగతి రెండు ఆధారాలను కలిపితే బయటపడుతుంది. ఫ్యాన్ థియరీ అంటే ఇదే పని.

7. ఒకటి కాదు, మూడు థియరీలు నిలబెట్టండి

మీకు నచ్చినదానికి పోటీగా ఇంకో రెండింటిని అంతే శ్రద్ధతో రాయండి. డ్వెమర్ల గతి మీద నేను నిలబెట్టే మూడు:

క) నాశనం. ప్రయోగం వికటించింది, అందరూ సమసిపోయారు.
ఖ) తరలింపు. జాతి మొత్తం వేరే లోకంలో పడింది.
గ) విలీనం. కాగ్రెనాక్ కడుతున్న ఇత్తడి దేవుడు న్యూమిడియంలో అందరి ఆత్మలూ కలిసిపోయాయి.

మొదటి రెండింటినీ యాగ్రమే స్వయంగా ఊహిస్తాడు: జాతికి అమరత్వం వచ్చి, దానితోపాటు బాహ్యలోకానికి వెళ్లిపోయి ఉండొచ్చు, లేదా కాగ్రెనాక్ పొరబడి అందరినీ తుడిచిపెట్టి ఉండొచ్చు అంటాడు. అది సాక్ష్యం కాదు, సాక్షి ఊహ. ఆ తేడా మీ పట్టికలో కనపడాలి. మూడోదానికి ఎక్కువ బలం నాలుగో స్థాయి నుంచి వస్తుంది. ఆటలో దానికి ఊతమిచ్చేది డివైన్ మెటాఫిజిక్స్ అనే డ్వెమర్ గ్రంథం. కాగ్రెనాక్ పనిముట్లతో కొత్త దేవుణ్ణి కట్టాలనుకున్నారని అందులో తేలుతుంది.

ఇప్పుడు ఒక్కో ఆధారాన్నీ మూడింటి మీదా పెట్టి చూడండి. స్కైరిమ్‌లోని డ్వెమర్ శిథిలాల్లో డ్వెమర్ల అస్థిపంజరాలు కనపడవు. చాలామంది దీన్ని తరలింపుకు రుజువుగా చూపిస్తారు. కానీ దుమ్మైపోయినా ఎముకలుండవు, ఇత్తడి దేవుడిలో కలిసిపోయినా ఉండవు. మూడింటికీ సరిపడే ఆధారం దేనికీ రుజువు కాదు. పట్టికలో ఉంచండి, కానీ దాని ఎదురుగా సున్నా వేయండి.

మారోవిండ్ శిథిలాల్లో తిరిగే డ్వెమర్ దయ్యాల సంగతీ అంతే. చూడగానే "ఆత్మలు ఇక్కడే ఉన్నాయి, విలీనం తప్పు" అనిపిస్తుంది. అవి 700కు ముందే మామూలుగా చనిపోయినవాళ్లవి కావచ్చు. ఏ కాలం దయ్యమో తేలేదాకా అదీ సున్నాయే.

8. మీ థియరీని మీరే కూల్చే ప్రయత్నం చేయండి

కాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: "... అని తేలితే నా థియరీ తప్పు." ఖాళీలో పెట్టడానికి ఏమీ దొరక్కపోతే అది ఇంకా థియరీ కాలేదు.

ఉదాహరణకు తరలింపును పట్టుకుందాం. దీనికి అందరూ చూపించే బలమైన ఆధారం స్కైరిమ్‌లోని ఆర్నియల్ గేన్. వింటర్‌హోల్డ్ కళాశాలలో మాంత్రికుడు, కాగ్రెనాక్ చేసిన పనిని చిన్నగా మళ్లీ చేయాలని పట్టుబట్టినవాడు. మన చేత పది డ్వెమర్ పళ్లచక్రాలు తెప్పించుకుంటాడు. ఒక ఆత్మరత్నాన్ని ప్రత్యేకంగా మార్పించుకుంటాడు. చివరికి కాగ్రెనాక్ పనిముట్లలో ఒకటైన కీనింగ్ అనే బాకుతో, మన కళ్లముందే ఆ రత్నాన్ని కొడతాడు. మొదటి దెబ్బలకు ఏమీ కాదు. ఇంకో దెబ్బ వేస్తాడు, మనిషి ఉండడు. బాకు మాత్రం ఉంటుంది. ఆ తర్వాత అతని ఛాయను పిలిచే మంత్రం మనకు వస్తుంది.

ఇది ఒకటో స్థాయి ఆధారం. పిలిస్తే ఛాయ వస్తోందంటే పూర్తిగా సమసిపోలేదన్నమాట, కాబట్టి తరలింపు గెలిచిందనిపిస్తుంది. ఆగి, తేడాలు రాయండి:

- అతని దగ్గర హృదయం లేదు, బదులుగా ఒక రత్నం ఉంది.
- కాగ్రెనాక్ పనిముట్లలో ఇంకొకటైన సండర్ అనే సుత్తి లేదు.
- మారోవిండ్‌లో రేత్‌గార్డ్ అనే రక్షాకవచం తొడగకుండా కీనింగ్ పట్టుకుంటే ప్రాణం మీదకొస్తుంది. స్కైరిమ్‌లో మామూలు బాకులా పట్టుకోవచ్చు. పనిముట్టు పరిస్థితే మారిపోయింది.
- పోయింది అతనొక్కడే, అతని జాతి కాదు.

నాలుగో తేడా అన్నిటికంటే పెద్దది. ఆర్నియల్ బ్రెటన్ అనే వేరే జాతివాడు. బ్రెటన్లంతా మాయం కాలేదు. అంటే ఈ ప్రయోగం "మనిషి ఎలా మాయమవుతాడు" అన్నదానికి ఏదో చెబుతోంది కానీ, "జాతి మొత్తం ఎలా ముడిపడింది" అన్నదానికి ఏమీ చెప్పడం లేదు. దీన్ని గతి గడిలో పెట్టండి, పరిధి గడిలో పెట్టకండి. రెండో మెట్టులో ప్రశ్నను ముక్కలు చేసింది ఇందుకే.

9. రాసే వరస

1. మొదటి పేరాలోనే మీ వాదన, రెండు వాక్యాల్లో.
2. ఆ వెంటనే మేకు.
3. మిగతా ఆధారాలు బలమైనదాని నుంచి బలహీనమైనదానికి. ప్రతిదాని పక్కన స్థాయి.
4. పోటీ థియరీలు, అవి ఎక్కడ మీదానికంటే బాగున్నాయో.
5. మీ థియరీలో ఇంకా పూడని కన్నం.

ఐదోది దాచకండి. చదివేవాడు ఎలాగూ కనిపెడతాడు. మీరే చెబితే అతను కూల్చడానికి కాకుండా పూడ్చడానికి కూర్చుంటాడు.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పేర్ల పోలికతో చుట్టరికం కలపడం. రెండు రాజ్యాల పేర్లలో ఒకే అక్షరాలున్నాయని ఒకే మూలం అనేయడం. సవరణ: పోలికతో పాటు స్థలం, కాలం, వస్తువు, ఈ మూడింటిలో ఒక్కటైనా కలవాలి.

ఆట తయారీని లోక చరిత్ర అనుకోవడం. రెండు శిథిలాల్లో ఒకే తలుపు కనిపిస్తే అది ఒకే వంశం కట్టింది కానక్కర్లేదు. తయారీదారులు ఒకే త్రీడీ మోడల్‌ను చాలాచోట్ల వాడతారు. సవరణ: ఆ ఒక్క చోటే ఉన్న వస్తువుల మీద, చేత్తో అమర్చినట్టున్న దృశ్యాల మీద ఆధారపడండి.

అనువాదాన్ని మూలమని నమ్మడం. డ్వెమర్ భాష దాదాపు ఎవరికీ రాదు. డ్వెమర్ గ్రంథాలను చదవడానికి బలాదాస్ అనే పండితుడికి, అదే పాఠం ఆల్డ్‌మెరిస్ అనే పాత ఎల్ఫ్ భాషలోనూ ఉన్న ఇంకో పుస్తకం కావాల్సి వచ్చింది. సవరణ: "గ్రంథం ఇలా అంటోంది" అని కాకుండా "గ్రంథంలో ఇలా ఉందని ఫలానావారు అంటున్నారు" అని రాయండి.

పొగరుకు శిక్ష పడిందని ముగించడం. దేవుళ్లను ధిక్కరించారు కాబట్టి పోయారు అన్నది ఆటలోని చాలామంది నమ్మకం. అది గెలిచినవాళ్ల మాట. సవరణ: దాన్ని కారణంగా కాదు, సాక్షి స్వార్థంగా పట్టికలో రాయండి.

11. పైకి పంపే ముందు

☐ ప్రతి ఆధారానికీ స్థలం, చెప్పినవారి పేరు ఉన్నాయా?
☐ నాలుగు, ఐదు స్థాయిలు తీసేసి చదివితే వాదన నిలబడుతోందా?
☐ రౌర్కెన్లు ఎందుకు పోయారో, యాగ్రమ్ ఎందుకు మిగిలాడో రెండూ చెప్పగలుగుతోందా? ఒకటే చెబితే మళ్లీ ఐదో మెట్టుకు.
☐ మూడు థియరీలకూ సరిపోయే ఆధారాన్ని రుజువుగా ఎక్కడైనా వాడారా?
☐ "తప్పని తేలాలంటే" వాక్యం రాశారా?
☐ ఆట తెలియని ఒకరికి, తెలిసిన ఒకరికి చదివి వినిపించారా?
☐ పైన స్పాయిలర్ హెచ్చరిక, కింద తేదీ ఉన్నాయా?

తేదీ తప్పనిసరి. కొత్త ఆటో, విస్తరణో వచ్చిన రోజున పాత పాఠాన్ని చెరిపేయకండి. కిందనే కొత్త తేదీ వేసి, ఏ ఆధారం వల్ల ఏ వాక్యం మారిందో రాయండి. నా పేలుడు థియరీ పదిహేను పేజీలు ఇంకా నా ఫోల్డర్‌లోనే ఉన్నాయి, మొదటి పేజీ పైన ఎర్ర అక్షరాల్లో "రౌర్కెన్" అని రాసి.